కనుబొమల మధ్య ఐదు సూదులు

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నువ్వు ఆ కొండమీద వాతావరణ కేంద్రంలో వాన కొలుచుకుంటూ హాయిగా ఉన్నావు. ఫోను పలకదు, వారానికోసారి సామాన్ల బండిలో ఉత్తరాలొస్తాయి. నా బతుకు అలా కాదు. నీళ్ళాఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర ఇరవయ్యారేళ్ళు కూర్చుని, కొళాయి రాలేదన్న ప్రతివాణ్ణీ కనుబొమలు ముడిచి చూసీచూసీ, ఆ ముడి అక్కడే ఉండిపోయింది. మొన్న వరసలో ఒకావిడ పక్కావిడతో, "ఆ కిటికీకి వెళ్ళకండి, కరిచేలా ఉంది" అంది. నేనప్పుడు నిజానికి నవ్వుతున్నానురా.

అందుకే చర్మం డాక్టరమ్మ దగ్గరికెళ్ళి కనుబొమల మధ్య ఐదు బొటాక్స్ సూదులు వేయించుకున్నాను. అదొక రకం విషమట! చీమ తలకాయంత వేస్తే కండరం నిద్రపోతుందట. మూడు నాలుగు నెలలపాటు ముడుద్దామన్నా ముడవలేనట.

ఇట్లు,
నున్నని నుదుటి మీ అక్క

తా.క.: మీ బావతో పన్ను పీకించుకోడానికి వెళ్తున్నానని చెప్పాను. ఏ పన్నని కూడా అడగలేదు. ముప్ఫయ్యేళ్ళ కాపురం!

*

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరంలో "విషం" దగ్గర ఆగిపోయాను. నోట్లో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. మా కేంద్రంలో గాలివేగం చూసే ఆయన్ని అడిగాను. అది పాడైపోయిన డబ్బా తిండిలో పుట్టే విషమనీ, ఎక్కువైతే ఊపిరి ఆగిపోతుందనీ చెప్పాడు. "చీమ తలకాయంత" అని నువ్వు రాశావు సరే, ఏ చీమ? చీమల్లో గండుచీమలుంటాయి.

గంటకోసారి ముక్కు దగ్గర అద్దం పెట్టుకుని ఊపిరి ఆడుతోందో లేదో చూసుకో. ఒక్కదానివే చూసుకోలేవని బావకి కూడా ఈ బండిలోనే ఉత్తరం పంపాను.

ఇట్లు,
కంగారులో ఉన్న నీ తమ్ముడు

తా.క.: భయపడకు, నీ రహస్యం బయటపెట్టలేదు. "అక్క ఒంట్లో విషం ఉంది, ఎలా వచ్చిందో మాత్రం అడక్కు" అని రాశానంతే.

*

తమ్ముడూ,

ఆశీస్సులు పెట్టే ఓపిక లేదు.

మీ బావ గడియారాలు బాగుచేసే దుకాణం మా ఇంటి ముందు గదే కదా. నీ ఉత్తరం అక్కడే నిలబడి చదివాడు. నేను తలుపు వెనకనుంచి చూస్తున్నాను. ఒంట్లో విషం ఉందన్న ముక్క చదివినా ఆయన నుదుటిమీద ఒక్క గీత పడలేదు! కాగితం మడిచి, "నీకు నొప్పేమన్నా ఉందా?" అన్నాడు. వాన పడుతోందా అన్నట్టు!

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉరిమి చూద్దామంటే కనుబొమలు కదలవు. "మీకు నేనంటే లెక్కే లేదు" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "ఇంత నిమ్మళంగా అంటున్నావంటే కోపం లేదన్నమాట" అని దుకాణంలోకి పోయాడు.

పెట్టె సర్దాను. మీ కొండకి బండి ఏ రోజు బయల్దేరుతుందో రాయి. ఇక ఈ ఇంట్లో ఉండను.

ఇట్లు,
అక్క

తా.క.: ఏడిచాను కూడా. మొహం కదలకుండా కళ్ళనుంచి నీళ్ళు మాత్రం కారాయి. మీ బావ కళ్ళలో మందు చుక్కలు వేయనా అన్నాడు.

*

అక్కకి,

పెట్టె విప్పేయ్. ఇక్కడ ఉన్నది ఒక్క మంచం, దానిమీద గాలివేగం చూసే ఆయన, కింద నేను.

ఒక సంగతి ఆలోచించావా? భార్య ఒంట్లో విషం ఉందంటే చలించని మనిషి ఎవరు? ముందే తెలిసిన మనిషి! నువ్వు సూది అనుకుంటున్నావు. అంతకుముందు ఇంట్లో ఏం తిన్నావో? నాకు సెలవు దొరకలేదు. అందుకని బండి డ్రైవరుచేత మీ వీధి పోలీసు ఠాణాకి చీటీ పంపాను.

ఇట్లు,
నీ రక్తసంబంధం

తా.క.: బావ నిర్దోషి అయితే నా తరఫున క్షమాపణ చెప్పు. కాకపోతే చెప్పకు.

*

చిరంజీవి తెలివితక్కువ తమ్ముడికి,

కానిస్టేబులు వచ్చాడు. ఇద్దర్నీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టాడు. "భార్యకి విషం పెట్టావా?" అని మీ బావని గద్దించాడు. ఆయన మొహంలో మార్పు లేదు. "నేనే సూది వేయించుకున్నానండీ!" అని నేను అరిచాను. నా మొహంలోనూ మార్పు లేదు. "ఇంత నిబ్బరంగా అబద్ధాలాడే దంపతుల్ని నా సర్వీసులో చూడలేదు" అన్నాడు కానిస్టేబులు.

అప్పుడు మీ బావ చొక్కా జేబులోంచి ఒక చీటీ తీశాడు. అదే డాక్టరమ్మది! నాకన్నా రెండు రోజుల ముందు తేదీ. భూతద్దంలోకి చూసీచూసీ ఆయన నుదురు ముడతలు పడిందట. ఒకావిడ గడియారం ఇస్తూ "తాతగారూ" అందట. ఆవిడ వయసు అరవై. మనసు చివుక్కుమని వెళ్ళాడట. నాతో మాత్రం కళ్ళజోడు దుకాణానికని చెప్పాడు.

"మీ తమ్ముడి ఉత్తరం వచ్చిన రోజు ఒక్క గడియారం కూడా విప్పలేకపోయాను. చేతులు వణికాయి. నువ్వు నా నుదురే చూశావు" అన్నాడు మీ బావ. నేను ఆయన చేతులు పట్టుకున్నాను. ఇంకా కొంచెం వణుకుతున్నాయిరా. ఇద్దరం నవ్వుకున్నాం. పైసగం కదలకుండా.

పెట్టె విప్పేశాను.

ఇట్లు,
మీ బావ భార్య

తా.క.: కానిస్టేబులు వెళ్తూవెళ్తూ గుమ్మం దగ్గర ఆగి డాక్టరమ్మ అడ్రసు రాసుకున్నాడు. కేసు కోసమా అని భయపడ్డాం. "కాదమ్మా. నేను అబద్ధం చెప్పిన ప్రతిసారీ మా ఆవిడ నా నుదురు చూసి పట్టేస్తోంది" అన్నాడు.