అత్తమ్మ గ్యాస్ అనుకున్న నొప్పి

శుక్రవారం రాత్రి, చింతాద్రిపేట

అత్తమ్మ ఈరోజు చెంచాతో నీళ్లు తాగింది. దేవుడా, నీకు దండం.

మోకాళ్ల నొప్పి మాత్రలతో కడుపులో పుండు పడి, సోమవారం ఆమె రక్తం కక్కుకుంది. డాక్టరమ్మ నోట్లోంచి గొట్టం దించి ఎండోస్కోపీ చేసి, దాంతోనే పుండుకు వేడి పెట్టి రక్తం ఆపారు. గండం గడిచిందనుకున్నాం. మర్నాడు పొద్దున అత్తమ్మ పొట్ట పట్టుకుని ముడుచుకుపోయింది.

"గ్యాసేలేమ్మే. ఊరికే వాళ్లను పిలవబాక," అంది.

చెయ్యి వేసి చూస్తే పొట్ట చెక్కలా గట్టిగా ఉంది. ఆమె మాట వినకుండా నర్సు దగ్గరికి పరుగెత్తాను. ఆ బుద్ధి ఎలా పుట్టిందో!

స్కాన్ చూశాక డాక్టరమ్మ ఏమీ దాచలేదు. "నేను వేడి పెట్టిన చోటే చిల్లు పడింది. అరుదుగా ఇలా అవుతుంది. వెంటనే ఆపరేషన్ చేసి మూయాలి," అన్నారు. మా ఆయన కోపంగా ఏదో అనబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయారు. సర్జన్ బయటికి వచ్చి ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పేదాకా డాక్టరమ్మ మా పక్కనే నిలబడ్డారు.

ఇంకా భయం పోలేదు. కుట్లు మానాలి, అన్నం ఇమడాలి, ఆ మోకాళ్లకు ఇక ఏ మందు ఇస్తారో...

సాయంత్రం డాక్టరమ్మ మంచం దగ్గరికి రాగానే అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు నువ్వు రక్తం ఆపకుంటే, చిల్లు పడేదానికైనా నేనుండేదాన్నా తల్లీ?" అంది.

డాక్టరమ్మ మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారు.