నేను వదిలేసిన పేజీ

సెప్టెంబర్ 28, ఆదివారం

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. ఉండేది తమిళనాడులోనైనా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం కానీ తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే, అదీ యూట్యూబ్ పుణ్యమా అని. అన్న జీవా ఎంత తిప్పి చూసినా ఏమీ తెలియదు. భలే సేఫ్.

లైబ్రరీ నుంచి ఆ తమిళ నవల తెచ్చాను. రాసినాయన పేరెత్తితే చాలు, ధర్మపురిలో మా కాలేజీ సగం తిడుతుంది, సగం కొట్లాటకు దిగుతుంది. పైనుంచి విసిరేది ఏదీ పట్టుకోకు అంటాడాయన. చదవగానే అమ్మ కూలికెళ్ళే పూలతోట యజమానురాలు గుర్తొచ్చింది. ప్రతి దీపావళికీ కూలి ఆడవాళ్ళు వంగి కొంగు పడితే ఆవిడ పైనుంచి చీర వదులుతుంది. చేయి తగలకూడదట! నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ అలాగే పడుతోంది.

అక్టోబర్ 5, ఆదివారం

సెలవని నేనూ అమ్మతో చామంతి కోయడానికి వెళ్ళాను. టీ టైమ్‌లో కూలి ఆడవాళ్ళకు నవల తెలుగు చేసి చెప్పాను. ముత్తుసెల్వి అత్త, "కొంగు పట్టకుంటే చీర ఆ రాసినోడు కొనిస్తాడా?" అంది. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

ఒక పేజీ మాత్రం వదిలేశాను. విసిరినవాళ్ళ కంటే వంగినవాళ్ళదే ఎక్కువ తప్పట. వంగిన నడుము మళ్ళీ నిలబడదట, దాని మీద జాలి దండగట. అమ్మ ముందు అది నా నోట రాలేదు. ఆయన మీద ఒళ్ళు మండిపోయింది.

అక్టోబర్ 12

నా పుస్తకం వల్ల అమ్మ పని పోతుందని జీవాకు కోపం. సరిగ్గా ఆ పేజీయే వెతికి అమ్మకు చదివి వినిపించాడు. నీ కూతురు మెచ్చిన పెద్దమనిషి నిన్నేమన్నాడో చూడు అన్నాడట.

అక్టోబర్ 13

అమ్మ నాతో మాట్లాడటం లేదు.

అక్టోబర్ 14

మాట్లాడింది. "ఆ రాసినోడు తిట్టినాడు, సరే. నువ్వెందుకు దాచినావు పాపా? నాకు రోషం లేదనుకున్నావా?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ ఏది వినాలో ఏది వినకూడదో పైనుంచి నేనే తేల్చేశాను. యజమానురాలికీ నాకూ తేడా ఏముంది?

అక్టోబర్ 19, పండగ ముందురోజు

ఇవాళ చీరల వరసలో అమ్మ కొంగు పట్టలేదు. నిటారుగా నిలబడి, చేయి యజమానురాలి చేతి ఎత్తుకే పెట్టి, "చేతికియ్యండమ్మా" అని తమిళంలో అడిగింది. ఆవిడ చేయి వెనక్కి లాక్కుంది. చీర మట్టిలో పడింది. అమ్మ తీయలేదు. ఎంత గర్వంగా ఉందో!

వెనకాలే ముత్తుసెల్వి అత్త వంగి కొంగు పట్టింది. ఏమీ అనబుద్ధి కాలేదు. ముగ్గురు పిల్లలు ఆమెకు. ఆ నవల రాసినాయనైతే ఆమెను చీదరించుకునేవాడు. అక్కడే ఆయనకూ నాకూ చెడింది. పట్టుకోకు అన్న ఆయన మొదటి మాట ఉంచుకుంటాను, జాలి దండగన్న రెండోది ఆయన దగ్గరే ఉండనీ.

సాయంత్రం తోటలో కూలీలను చూసుకునే మేస్త్రి ఫోన్ చేశాడు. పండగయ్యాక అమ్మను పనికి రావద్దన్నాడు.

అక్టోబర్ 22

జీవా నన్ను తిడుతూనే అమ్మను బైక్ ఎక్కించుకుని వేరే తోటల్లో పని అడగడానికి వెళ్ళాడు. ఇంకా ఎక్కడా దొరకలేదు. అమ్మ ఆ పేజీ మళ్ళీ చదవమంది. ఈసారి ఒక్క ముక్క కూడా వదలలేదు.

అక్టోబర్ 27

పుస్తకం రిటర్న్ చేశాను. ఆ పేజీ అంచున అమ్మ చెప్పిన మాట, పక్కన అమ్మ పేరు, పెన్నుతో, అందరికీ తెలిసేలా తమిళంలోనే రాసి ఇచ్చాను. ఫైన్ వేస్తే వేయనీ.

"నేను నిలబడినాను. పచ్చయమ్మాళ్."