పదమూడు సెకన్లు

మార్చి 3, సోమవారం

మా ఆయన సర్వేకి వెళ్లి కోణాలు పుస్తకంలో రాసుకొస్తారు. నేను ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. మొదట్లో 47 డిగ్రీల 30 నిమిషాలను 47.30 అని కొట్టాను. ముప్పై నిమిషాలంటే అర డిగ్రీ, పాయింట్ ఐదు కొట్టాలే మొద్దూ అని నవ్వారు. అప్పటి నుంచి డిగ్రీలకు ఒక గడి, నిమిషాలకు ఒకటి, సెకన్లకు ఒకటి. ఏడో క్లాసుతో చదువాపేసిన పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇల్లెవరు ఊడుస్తారని అత్తయ్య సాగదీశారు. ఊడ్చాకే కూర్చున్నాను.

మార్చి 6, గురువారం

వీధి చివరి ఖాళీ స్థలం ఎక్కించాను. నిన్న కొలిచొచ్చానన్నారు. నాలుగు మూలలూ కలిపితే సరిగ్గా 360. నిమిషాలు సున్నా, సెకన్లు సున్నా.

ఎప్పుడూ ఇలా రాలేదు. ఇరవయ్యో నలభయ్యో సెకన్లు తేడా వస్తుంది.

అదే రోజు, సాయంత్రం 4

మళ్లీ చూశాను. మొదటి మూల 88 డిగ్రీల 47 నిమిషాల 13 సెకన్లు. మిగతా మూడింటి సెకన్లు 37, 51, 19. ఆయన కోణాలు కొలిచే మిషన్‌లో ఇరవై సెకన్లకు ఒక గీత. సెకన్ల గడిలో 0, 20, 40 తప్ప నేనింతవరకు ఇంకోటి కొట్టలేదు. మరి ఈ 13 ఎక్కడిది?

మార్చి 7

అడిగేశాను. కొత్త మిషన్ అన్నారు.

మంచం కింద పాతదొక్కటే ఉంది.

మార్చి 8

జాకెట్టు వంకతో టైలరక్క ఇంటికి వెళ్లాను. ఆ స్థలం పక్కిల్లే. ఈ వారమంతా మీ ఆయన ఇటు కాలు పెట్టందే అంది. ఆ స్థలం కొన్న బిల్డర్ మాత్రం వచ్చి, నీ వంటగది సగం మాదే, సర్వేలో తేలుతుందిలే అన్నాడట. నా టేపు అబద్ధమాడినా మీ ఆయన మిషన్ ఆడదుగా అని నవ్వింది.

ఇంటికొచ్చి ఆయన పుస్తకం తిరగేశాను. మధ్యలో మడత పెట్టిన బిల్డర్ ప్లాన్. అవే నాలుగు కోణాలు. ఒక్క సెకను కూడా తేడా లేదు.

మార్చి 10, ఉదయం 9

ఫైల్ ఇవాళే సర్వే ఆఫీసుకు పంపెయ్, ఏమీ అడక్కు అన్నారు. అంటూ నా మొహం చూడలేదు.

11:40

పంపేశాను. అంకెలు ముట్టుకోలేదు. రిమార్క్స్ గడిలో రాశాను: ఈ స్థలం ఎవరూ కొలవలేదు. వచ్చి కొలవండి. కింద నా పేరు.

బయట ఆయన స్కూటర్ ఆగింది.