పడవ మాది, తాడు మాది కాదు

విజయవాడలో హక్కుదారులు లేని పడవలను వేలం వేయించిన అధికారి గారి సముఖమునకు,

చల్లపల్లి అవతల, కృష్ణ కరకట్ట కింద కాపురముండే మోటూరి రావమ్మ పంపుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వేలంలో మా తమ్ముడు కొన్న పాత పడవ తాలూకు అమ్మకం పత్రంలో "పడవ ఒకటి, ఇంజను ఒకటి, తాడు ఒకటి" అని ఉన్నందున, అందులో "తాడు ఒకటి" అను మాటను కొట్టివేయించుట గురించి.

తమకు తెలియజేయునది ఏమనగా:

1. మేము వ్యవసాయదారులం. ఏటి మధ్య లంకలో మాకు అరటి, కంద ఉన్నవి. గెలలు ఒడ్డుకు చేర్చుటకు ఇతరుల పడవల మీద ఆధారపడి, అవి రాని రోజున పంట పండి రాలిపోవుచున్నందున, మా తమ్ముడు చక్రధరరావు (ఇంట్లో చక్రి అంటాం) తమరి వేలంలో ఈ పడవను పాడుకున్నాడు. అమ్మ పోయిన తర్వాత వాణ్ణి పెంచినది నేనే. అందువలన ఈ అర్జీ నేను రాస్తున్నాను. వాడిని రాయమంటే రాయడం లేదు.

2. వేలం సక్రమంగానే జరిగినది. ఎక్కడున్న పడవను అక్కడే, ఎలా ఉన్నదానిని అలాగే తీసుకోవాలని ముందే చదివి వినిపించారు. మా వాడికి పడవలు కొన్న అనుభవం లేదు. గేదెకు పళ్ళు చూసినట్టు ఇంజను మూత తీసి చూశాడు, అడుగు చెక్కలు తట్టి చూశాడు, బాగుందన్నాడు. నిజంగానే బాగున్నది. ఈ సంవత్సరం మా గెల ఒక్కటి కూడా లంకలో మాగిపోలేదు. పడవ వలన కలిగిన మేలు దాచి, కీడు మాత్రమే చెప్పుకోవడం ధర్మం కాదు గనుక ఇది ముందు రాశాను.

3. మా వైపు గేదెను అమ్మితే దానిని కట్టే పలుపు అమ్మరు. కొన్నవారు కొత్త పలుపు తెచ్చుకోవాలి. పాతది అమ్మినవారి ఇంటి చూరులోనే ఉంటుంది. పశువు వెళ్ళినా పాడి ఇంట్లో ఉండాలని అలా చేస్తారు. ఆ అలవాటు కొద్దీ చక్రి వేలానికి కొత్త తాడు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. అక్కడున్నవారు నవ్వారు. పాత తాడు విప్పి గట్టు మీద పెట్టబోతే తమరి గుమాస్తా గారు, "అది కూడా లిస్టులో ఉందండీ. మీరు వదిలేసిపోతే రేపు నేను చెప్పుకోవాలి. పట్టుకుపోండి" అన్నారు. ఆయన మాట కాదనలేక తెచ్చాడు, తెచ్చినందున దానితోనే పడవను కట్టసాగాడు.

పొరపాటు జరిగినది అక్కడే. తప్పు గుమాస్తా గారిది కాదు.

4. పడవకు నీలం రంగు వేయించి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఏట్లోకి దించాము. మొదటి వారంలోనే చక్రి ఒక మాట చెప్పాడు. సాయంత్రం తాను వేసిన ముడి ఉదయానికి ఉండడం లేదు. అదే తాడు, అదే గుంజ, ముడి మాత్రం వేరు. రెండు చుట్లు తిప్పి, కొసను లోపలికి దోపి, ఎవరో చెయ్యి తిరిగినవారు వేసిన ముడి. తాడు కొస తడిసి ఉండేది. నేను దిష్టి తీశాను. విష్ణు సహస్రనామం చదివి పడవ మీద నీళ్ళు చల్లాను. ముడి మారుతూనే ఉన్నది.

5. ఒక తెల్లవారుజామున నేనే రేవుకు వెళ్ళి కూర్చున్నాను. ఒక మనిషి వచ్చి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, మా ముడి విప్పి తన ముడి వేసుకుంటున్నది. నా కంటే చిన్నది. పేరు మార్త అని చెప్పింది. పై రేవులో పడవ నడిపిన సరంగు అంతోని భార్య. వరదలో ఒక సరంగు కనపడకుండా పోయాడని మేమూ విన్నాము. ఈ పడవ ఆయనదని తెలియదు. తమరి గట్టు మీద అది బురద పట్టి, సుద్దముక్కతో రాసిన నంబరుతో ఉన్నది.

"ఎందుకమ్మా ఈ పని?" అన్నాను.

"ఇంజను మోత విని గుర్తుపట్టానండీ. తవరు రంగు మార్చారు, పేరు మార్చారు. రేపాయనొస్తే ఏం చూసి గుర్తుపడతాడు? ముడన్నా ఉండాలిగా" అన్నది.

6. అంతోని వరదలో లంకవాళ్ళను ఒడ్డుకు చేర్చి, దూడలు మిగిలిపోయాయంటే ఒంటరిగా తిరిగి వెళ్ళాడట. తర్వాత పడవ ఏటి దిగువనున్న కింద లంకలో రెల్లు పక్కన దొరికినది. బోల్తా పడలేదు. చెట్టుకు కట్టేసి ఉన్నది, ఆయన ముడితోనే. మనిషి లేడు.

"మునిగేవాడు పడవ కట్టేసి మునుగుతాడా, మీరే చెప్పండి" అన్నది మార్త.

7. పడవను విడిపించుకొనుటకు ఆమె ఒకసారి తమరి కార్యాలయానికి వచ్చినదట. భర్త పేరు ముందు కీర్తిశేషులు అని రాసి సంతకం పెట్టమన్నారట. "ఆ మాట రాస్తేనే ఇస్తామన్నారు. కలం బల్ల మీద పెట్టి వచ్చేశాను" అన్నది. ఆ విధంగా పడవ హక్కుదారు లేనిదైనది. ఇది ఫిర్యాదు కాదు. నిబంధన అట్లా ఉన్నది, ఆమె ఇట్లా ఉన్నది.

8. ఈ సంగతి చెబితే చక్రి కుదుటపడతాడనుకున్నాను. వాడు ఇంకా కుంగిపోయాడు. "దెయ్యమైతే దిష్టి తీయించుకునేవాణ్ణక్కా. మనిషిని ఏం చెయ్యను?" అన్నాడు.

9. అప్పటి నుంచి వాడు ఏటి మధ్యలో ఇంజను ఆపుతున్నాడు. కింద లంక వైపు నుంచి "ఓ పడవా!" అని ఎవరో కేక వేస్తున్నారంటాడు. రేవులో మనిషి పడవను పిలిచే కేక. మొదట్లో కూలికి వచ్చే ఆడవాళ్ళు హాస్యమాడేవారు. "బాబుగారూ, దణ్ణం పెట్టుకోడానికి నడి ఏరే దొరికిందా? ఒడ్డునైతే దేవుడు పలకడా?" అని మాణిక్యమ్మ అంటే అందరూ నవ్వేవారు. ఇప్పుడు నవ్వడం లేదు. మాణిక్యమ్మ పడవ ఎక్కడం మానేసింది. అడిగితే, "వినపడుద్దేమోనని భయమండీ" అన్నది.

10. పోయిన ఏకాదశి నాడు నేను వాడితో వెళ్ళాను. అక్కడికి రాగానే ఇంజను ఆపాడు. నీళ్ళ చప్పుడు, రెల్లు చప్పుడు. కేక నాకు వినపడలేదని రాస్తే నిజం. విన్నానేమో అనిపించిందని రాసినా నిజం. చక్రి లేచి, "వస్తున్నా, వస్తున్నా" అంటూ ఒక కాలు అంచు దాటించాడు. చొక్కా పట్టుకుని, "చక్రీ, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. చిన్నప్పుడు కూడా ఒక్కమాటకే వినేవాడు.

ఒడ్డుకు వచ్చాక, "ఆయన తాడు మన దగ్గరుంది కదక్కా. ఇది ఆయన పడవే. పిలిస్తే వెళ్ళొద్దా?" అన్నాడు.

నాకు ఉన్నది ఒక్క తమ్ముడు. ఈ అర్జీకి కారణం ఇంతే.

11. తాడు ఇచ్చివేయడానికి ఇద్దరం మార్త ఇంటికి వెళ్ళాము. పడవ కూడా ఇస్తామన్నాడు చక్రి.

"పడవెందుకు బాబూ? నడిపే మనిషి వచ్చాక చూద్దాం" అన్నది. తాడును మాత్రం ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. ఇంటి వెనక పీచు నానబెట్టి అంతోని స్వయంగా పేనిన తాడట. తర్వాత తిరిగి ఇచ్చేసింది. "వేలంలో కొన్నారు. కాయితంలో మీదని ఉంది. మీరిస్తే దానం అవుద్దండీ. పోయినోళ్ళ పేరు చెప్పి ఇచ్చేదే దానం. నేను పుచ్చుకోను. అమ్మలేదని ఆ అయ్యగారు రాసిస్తే, నాది నేను తెచ్చుకుంటాను."

ఆమె చెప్పినది న్యాయంగానే తోచినది. అమ్మినవారి వద్ద ఉండవలసిన తాడు ఇది. కాగితం ప్రకారం అమ్మినవారు తమరు. కట్టుకున్నది, పేనినది వేరొకరు.

12. ఈ పని మీద మొన్న ఉయ్యూరు మీదుగా బస్సులో వచ్చి తమరి కార్యాలయంలో అడిగాను. "తాడు కోసం అర్జీ ఏంటమ్మా? బజార్లో కొత్తది కొనుక్కోండి" అన్నారు.

"కొత్తది ఉందండీ. పాతదే ఎక్కువైంది" అని చెప్పి వచ్చాను.

కావున తమరిని కోరునది ఏమనగా: అమ్మకం పత్రంలో "తాడు ఒకటి" అను మాట మీద ఒక గీత గీసి, ఆ తాడు వేలంలో చేరలేదని కింద రాసి, సంతకం చేయించవలెను. పడవ వద్దనడం లేదు. సొమ్ము వాపసు అడగడం లేదు. ఆ కాగితంలో అంతోని పేరు రాయవలసి వచ్చిన యెడల, దాని ముందు ఏ మాటా చేర్చవద్దు. ఈ అర్జీలో నేనూ చేర్చలేదు. పూజలో మా వాళ్ళ పేర్లతో పాటు ఆయన పేరు కూడా చెప్పుకుంటున్నాను. ఉన్నవారి వరుసలోనే చెబుతున్నాను.

గీత చిన్నదైనా దాని వెనక ఒక ప్రాణం ఉన్నదని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మోటూరి రావమ్మ

తా.క.: ఇది అర్జీలో రాయదగినది కాదని విడిగా రాస్తున్నాను. ఉత్తర్వు ఎప్పుడు వస్తుందో తెలియదు గదా. గెలలు ఆగవు, పడవ ఆగదు. తమరి కాగితం వచ్చేవరకు రోజూ చక్రితో పాటు నేనూ పడవ ఎక్కుతున్నాను. ఇంజను ఆపినప్పుడు ఏమీ అనను. వాడికి ఎదురుగా కూర్చుని జపం చేసుకుంటాను. కేక వస్తే వాడు లేస్తాడు, నన్ను చూస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు.

నాకు ఈత రాదు. ఆ సంగతి వాడికి తెలుసు.