వేటగత్తె అంగీకి జేబు

అమ్మకు,

క్షేమంగా చేరాను, వేళకు తింటున్నాను, బెంగ పెట్టుకోకు. ఏటా సెలవు పెట్టి ఆ వీడియో గేముల మేళాకి ఎందుకు పరిగెడతావని సాధిస్తావుగా, ఈసారి జవాబు దొరికింది.

అక్కడ అందరం ఆటల్లోని పాత్రల వేషాలు వేస్తాంగా, నువ్వు కుట్టిన ఆకుపచ్చ అంగీయే మళ్లీ వేసుకెళ్లాను. ఆటలోని వేటగత్తె అంగీకి జేబు ఉండదని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా, "మరి రుమాలు ఎక్కడ పెట్టుకుంటావే?" అంటూ కుట్టేశావు చూడు, ఆ జేబుని చూసి మొదటి ఏడాది అందరూ పగలబడి నవ్వారు. తర్వాత నా పేరే "జేబమ్మాయి" అయిపోయింది.

నిన్న ఆట తయారుచేసినవాళ్లు కొత్త భాగం చూపించారు. పెద్ద తెరమీద వేటగత్తె నడిచొచ్చింది. అంగీకి ఎడమవైపు జేబు! హాలంతా నావైపు తిరిగి చప్పట్లు కొట్టింది. ఆ బొమ్మ గీసినావిడ వేదిక దిగొచ్చి, "ఏటా మిమ్మల్ని చూస్తూనే ఉన్నామండీ, ఎవరు కుట్టారు?" అని అడిగింది. "మా అమ్మండీ" అన్నాను, హాలంతా వినబడేలా.

అన్నట్టు, మోచేతి దగ్గర చిరిగింది, ఆ గుడ్డ మిగిలుంటే ఓ ముక్క పంపు. మిషన్ బెల్టు మార్పించావా? చెల్లిని నా కంప్యూటర్ జోలికి వెళ్లనివ్వకు. నాన్నకి నమస్కారాలు.

ఇకమీదట ఆ ఆట ఎవరు ఆడినా, వాళ్ల రుమాలుకి చోటిచ్చింది నువ్వే.

నీ
జేబమ్మాయి