సెకండ్ అడల్ట్ సంతకం

జూన్ 12, గురువారం

ఈ నోట్‌బుక్ కెమిస్ట్రీ రికార్డ్ అట్టలో ఉంటుంది. అమ్మ నా రికార్డులు తెరవదు.

శనివారం హైక్ క్యాన్సిల్ అయ్యేలా ఉంది. వాన వల్ల కాదు. సెకండ్ అడల్ట్ లేరు. మా అమ్మాయిల గైడ్స్ ట్రూప్‌కి కొత్త రూల్ వచ్చింది. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళినా ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, ఇద్దరూ ఫామ్ మీద సంతకం పెట్టాలి. ట్రూప్ నడిపే కెప్టెన్ అక్క ఒకరు. రెండోవాళ్ళు ఎవరు? పేరెంట్స్ గ్రూప్‌లో అక్క మూడుసార్లు మెసేజ్ పెట్టింది. పదకొండు థంబ్స్ అప్‌లు వచ్చాయి. మనిషి మాత్రం ఒక్కరూ రాలేదు. పిచ్చుక వాళ్ళ నాన్న అయితే, మాకు ఖాళీ లేకనే కదండీ పిల్లని మీకు అప్పజెప్పేది అని రాశాడు. సిగ్గులేదు.

పిచ్చుక మా పట్రోల్ గుంపులో అందరికంటే చిన్నది. పదేళ్ళు. నోటికి తాళం ఉండదు, అందుకే ఆ పేరు. పట్రోల్ లీడర్‌ని నేను.

ఈరోజు అక్క ఫామ్ నా చేతిలో పెట్టి, మీ అమ్మగారిని అడిగి చూడు, ఆవిడకి పిల్లలు అలవాటే కదా అంది. అమ్మ క్రెష్‌లో ఆయా. శనివారం కూడా డ్యూటీయే. అది అక్కకి తెలుసు.

అదే రోజు, సాయంత్రం 6:20

పెట్టేశాను.

సెవెంత్ నుంచి స్కూల్ డైరీలో అమ్మ సంతకం నేనే పెడుతున్నా. అలిసిపోయి వచ్చి నువ్వే గీకేసుకోవే అంటుంది. ఇది కూడా అంతే. అంతే అనుకుంటున్నా.

జూన్ 14, శనివారం

రాయలేను.

జూన్ 15, ఆదివారం

రాస్తాను. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

పొద్దున బస్టాప్‌లో అక్కతో చెప్పాను, అమ్మ వెనకాల బస్సులో వస్తుందని. అక్క ఫామ్ చూసింది. నన్ను చూసింది. సరేలే, వస్తారులే అని ఫైల్ మూసేసింది. ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోయేది. చెయ్యలేదు. చెయ్యకూడదని నేనూ మొక్కుకున్నా.

వాగు దాటేటప్పుడు పిచ్చుక వెనక్కి తిరిగి ఏదో చెబుతూ రాయి మీద జారింది. చెయ్యి ఉండకూడని వైపు ఉంది. ఎప్పుడూ నోరు మూయని పిల్ల, ఒక్క ముక్క మాట్లాడలేదు. అక్క స్కార్ఫ్‌తో కర్ర కట్టి, పిల్లని ఎత్తుకుని రోడ్డు దాకా దిగి ఒక వ్యాన్ ఆపింది. ఎక్కుతూ నాతో, మీ అమ్మగారు వచ్చేస్తారు కదా అంది.

తలూపాను. అప్పుడు కూడా తలూపాను.

తర్వాత వాన. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో పదకొండు మంది పిల్లలు, నేను. మూడు గంటలు, అక్క తిరిగొచ్చేదాకా. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆంటీ ఎప్పుడొస్తారక్కా అని ఒకత్తి పది నిమిషాలకోసారి అడిగింది. వస్తోంది, వస్తోంది అన్నా. ఒకతను బైక్ ఆపి, ఒక్కళ్ళే ఉన్నారేంటమ్మా, మీతో ఎవరూ లేరా అన్నాడు. మా అమ్మ ఉంది, షెడ్డు వెనక్కి వెళ్ళింది అన్నాను. కాసేపు అలాగే చూశాడు. షెడ్డు వెనక్కి చూశాడు. వెళ్ళిపోయాడు. మంచివాడే అయ్యుండొచ్చు.

ఏమీ జరగలేదు. కానీ ఇద్దరు పెద్దవాళ్ళు ఎందుకుండాలో ఆ ఒక్క నిమిషంలో తెలిసింది. ఫామ్ చదివినప్పుడు తెలియలేదు.

జూన్ 17, మంగళవారం

పిచ్చుకకి చెయ్యి విరిగింది. ఆరు వారాలు కట్టు. వాళ్ళ నాన్న గ్రూప్‌లో ఎక్స్‌రే ఫొటో పెట్టాడు. ట్రూప్ మీద అజమాయిషీ చేసే కమిటీ ఫామ్ తెప్పించుకుంది.

స్కూల్ వదిలాక కెప్టెన్ అక్క గేటు దగ్గర కాచుకుని ఉంది. చూడమ్మా, కాగితం మీద ఏముందో నేనదే చెప్తా. మీ అమ్మగారు వచ్చారు, మధ్యలో ఏదో పనిపడి వెళ్ళిపోయారు, ఆ మాట ఆవిడ చేత అనిపించు. ఓ మాట పడతారు, అంతే. ట్రూప్ బతుకుతుంది, లేకపోతే మూసేస్తారు అంది. పడేది మా అమ్మ! నువ్వు పడవచ్చుగా అక్కా? ఒళ్ళు మండిపోయింది.

సరే అక్కా అన్నాను.

జూన్ 18, బుధవారం

అమ్మకి కమిటీ నుంచి ఇంగ్లీషులో లెటర్ వచ్చింది. ఏంటే ఇది అంటే, ఏదో పేరెంట్స్ మీటింగ్ అన్నా.

జూన్ 21, శనివారం

అమ్మ పర్మిషన్ పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. పేరెంట్స్ మీటింగ్ అనుకుని.

కమిటీ చైర్మన్ పళ్ళ డాక్టర్. మొదట గంటసేపు పాలసీ మాట్లాడుకున్నారు. అసలు హైక్‌లే వద్దు, బ్యాడ్జీలు ఆన్‌లైన్‌లో ఇచ్చెయ్యండి అని ఒకావిడ. అబ్బాయిల ట్రూప్‌లో కలిపేస్తే పెద్దవాళ్ళ కొరత ఉండదని ఒకాయన. అమ్మో, కలిపితే మా పిల్లని పంపనని ఇంకొకావిడ. ప్రతి పిల్లకీ ట్రాకర్ కట్టమని పిచ్చుక వాళ్ళ నాన్న. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళేగానీ మోసేవాళ్ళెవరండీ, ఈ హాల్లో వచ్చే శనివారం నాతో ఎవరొస్తారో చెయ్యెత్తండి అని అక్క అడిగింది. ఎవరూ ఎత్తలేదు. అప్పుడు మాత్రం అక్క అంటే మళ్ళీ ఇష్టమనిపించింది. ఒక్క నిమిషం.

తర్వాత ఫామ్ తీశారు. ఇందులో సెకండ్ అడల్ట్ సంతకం మీదే కదమ్మా, పిల్లల్ని వదిలేసి ఎక్కడికెళ్ళారు అని డాక్టర్ అడిగాడు. అమ్మకి ఏం అర్థం కాలేదు. కాగితం చేతిలోకి తీసుకుంది. చూసింది. నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే నేను చెప్పేసేదాన్ని. నిజంగా చెప్పేసేదాన్నా? ఏమో.

నాదేనండి అంది.

పనిపడి వెళ్ళాను, తప్పయిపోయింది అని కూడా అంది. ఎవరూ నేర్పకుండానే. పిచ్చుక వాళ్ళ నాన్న లేచి, పిల్లల్ని గాలికొదిలేసే మనిషి క్రెష్‌లో ఎలా పనిచేస్తోందండీ అని అరిచాడు. డాక్టర్ ఏదో పేజీ తిప్పి, పిల్లలతో పనిచేసేవాళ్ళ మీద ఇలాంటిది వస్తే పనిచేసే చోటికి తెలియజెయ్యాలి, రూలు, మంగళవారం లెటర్ వెళ్తుంది అన్నాడు. అక్క తన బూట్లు చూసుకుంటూ కూర్చుంది.

అమ్మ ఆ క్రెష్‌లో పదకొండేళ్ళు. మా ఇంట్లో మేమిద్దరమే. జీతం అదొక్కటే.

బస్సులో అమ్మా అన్నాను. నోర్మూసుకుని కూర్చో, నీ పేరు బయటికి రాకూడదు, నేను ఇంకోచోట చూసుకుంటాలే అంది. దిగేటప్పుడు, ఏమన్నా తిన్నావా అంది.

జూన్ 22, ఆదివారం

అందరి మీదా కోపంగా ఉంది. థంబ్స్ అప్ కొట్టినవాళ్ళ మీద. ఎక్స్‌రే నాన్న మీద. తెలిసి తెలిసి ఫైల్ మూసిన అక్క మీద. నాదేనండి అన్న అమ్మ మీద కూడా. ఎవరడిగారు నిన్ను? అప్పుడు గుర్తొస్తుంది, ఎవరూ నన్ను అడక్కూడదనే కదా నేను నోరు కుట్టుకుని కూర్చుంది. దిండు కొరికాను. చిరిగింది. అమ్మ చూసి సూదీదారం పెట్టి కుట్టింది, ఒక్క మాటా అనకుండా. తిట్టవే! తిడితే చచ్చిపోతావా?

జూన్ 23, సోమవారం, సాయంత్రం 5:10

పళ్ళ డాక్టర్ క్లినిక్. బయట బెంచీ మీద రాస్తున్నా. టోకెన్ తొమ్మిది. ఏ పన్ను అని కాంపౌండర్ అడిగితే కింద పన్ను అన్నా. లోపల డ్రిల్ సౌండ్. ముందున్న తాతగారు, భయపడకమ్మా, పీకేటప్పుడు తెలియదు, తర్వాతే తెలుస్తుంది అని ధైర్యం చెప్తున్నాడు.

పారిపోవాలనుంది. లెటర్ రేపు వెళ్తుంది.

5:50

చెప్పాను. నమ్మలేదు. మాస్క్ కిందికి లాగి, అమ్మ కోసం నేరం నెత్తినేసుకుంటున్నావా, మంచి పిల్లవే, కానీ ఇలా అబద్ధాలాడకూడదు తల్లీ అన్నాడు. అబద్ధాన్నయితే ఫైల్లో పెట్టుకున్నారు. నిజం చెప్తే తల నిమురుతున్నారు! అరిచాను. డాక్టర్ మీద. కాంపౌండర్ పరిగెత్తుకొచ్చాడు. డాక్టర్ ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ నా ముందుకి తోసి, అయితే ఏదీ, మీ అమ్మ సంతకం పెట్టు అన్నాడు.

మొదటిది గీతలా పోయింది. రెండోదీ అంతే. చూశావా అన్నాడు. ఆగండి అన్నాను.

ఏడోది అచ్చం అమ్మదే.