క్లచ్ మెత్తన చెయ్యొద్దు

మెకానిక్ బాబుకి,

నీ షెడ్డుకి ఎప్పుడూ కారు తెచ్చే మా వాడి అమ్మ రాస్తున్నది. రేపు ఆ కారు మా అల్లుడుగారు తెస్తారు. మా వాడు కంపెనీవి తీయించి, బయట కొని నీచేత క్లచ్‌కి వేయించిన గట్టి ప్లేటు, స్ప్రింగు పీకించెయ్యాలని ఆయన పట్టుదల. మొన్న ఆయన నడిపితే, క్లచ్ తొక్కలేక గేటు దాటేలోపే బండి రెండు మూడుసార్లు ఆగిపోయింది. "ఇది కారా, జిమ్మా అత్తయ్యా?" అంటూ మోకాలు పట్టుకుని దిగారు.

క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలియాలని మా వాడు నీతో అని ఉంటాడు. నాతో మాత్రం, "బావ బండి అడిగితే కాదనడానికి నాకు నోరు రాదమ్మా. ఇక ఆ స్ప్రింగే చెప్తుంది" అన్నాడు. అది వేయించిన నెలకే జ్వరం వాడిని తీసుకుపోయింది. అడిగే పని లేకుండా బండి బావదయింది. స్ప్రింగు మాత్రం మాట మీద నిలబడింది.

పాత సామాను దొరకట్లేదని చెప్పు బాబూ. ఆ అబద్ధం పాపం నాకే రానీ. అల్లుడిని కాదనడానికి నాకూ నోరు రాదు. వాడికి ఆ గుణం నా దగ్గర్నుంచే వచ్చింది. ఈ ఉత్తరం ఆయన కంట పడనివ్వకు.

సాయంత్రాలు కారులో కూర్చుని ఆ పెడల్ తొక్కుతుంటాను. కుట్టుమిషను తొక్కిన కాలు, నాకు బరువనిపించదు. వాడు పోయాక నేనేమన్నా అందరూ సరే సరే అని, వాళ్లు చేసేది వాళ్లు చేస్తున్నారు. ఆ పెడల్ మాత్రం ఎంత తొక్కినా నా కాలిని వెనక్కి నెడుతుంది. ఈ ఇంట్లో నాకు ఎదురు చెప్పేది ఇక అదొక్కటే, వాడిలాగా.